ఇంట్లోనే సొంత వెబ్‌సైట్ - 3వ పాఠం: ఆ డబుల్ క్లిక్ మానండి

ఈసారి మెనూ చేద్దామని చెప్పాను. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయిన పాఠం తర్వాత వచ్చిన సందేహాలు చూస్తే, ముందు వాటి సంగతి తేల్చక తప్పదు. "పేజీ వస్తోంది, ఫొటో రావట్లేదు." "పీహెచ్‌పీ లైను పనిచేయట్లేదు." "అపాచీ ఆపేశాక కూడా పేజీ కనిపిస్తోందేమిటి?" అపాచీ అంటే మనం జాంప్ ప్యాకేజీతో పెట్టుకున్న సర్వర్, అంటే అడిగిన పేజీని బ్రౌజర్‌కు అందించే ప్రోగ్రాం. పీహెచ్‌పీ అంటే ఆ సర్వర్ దగ్గర నడిచే ప్రోగ్రామింగ్ భాష. మూడో ప్రశ్న అడిగినవాళ్లు దాదాపు జవాబు దాకా వచ్చేశారు. మీ పేజీ అసలు అపాచీ ద్వారా రావడమే లేదు. సైటు ఫైళ్లు పెట్టుకునే హెచ్‌టీడాక్స్ ఫోల్డర్ తెరిచి, ఫైలు మీద డబుల్ క్లిక్ చేశారు, అంతే.

అడ్రస్ బార్ చూడండి. మొదట్లో "ఫైల్" అని, పక్కన మూడు గీతలు (///) ఉంటే బ్రౌజర్ మీ డిస్కులోని ఫైలును నేరుగా చదువుతోందన్నమాట. మధ్యలో సర్వర్ లేదు. పీహెచ్‌పీని నడిపేది సర్వర్ కాబట్టి ఆ లైను పనిచేయదు. ఫొటో దారి "/నాసైట్/బొమ్మలు/ఇల్లు.జేపీజీ" అని రాశారనుకోండి. ముందున్న గీతకు సర్వర్ దగ్గర అర్థం హెచ్‌టీడాక్స్. డబుల్ క్లిక్ చేస్తే అదే గీతకు అర్థం సీ డ్రైవ్ మొదలు. అక్కడ మీ బొమ్మలు ఎందుకుంటాయి? ఫోల్డర్‌కు లింకు ఇచ్చినా అంతే: సర్వర్ అయితే లోపలి ఇండెక్స్ పేజీని, అంటే మొదటి పేజీని, వెతికి ఇస్తుంది, నేరుగా తెరిస్తే ఫైళ్ల జాబితా వస్తుంది.

అందుకే ఎప్పుడూ అడ్రస్ బార్‌లో లోకల్‌హోస్ట్/నాసైట్/ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి. లోకల్‌హోస్ట్ అంటే మీ కంప్యూటరే. లోకల్‌హోస్ట్ బదులు 127.0.0.1 అని కొట్టినా అదే చోటికి వెళ్తుంది. అనుమానం వస్తే అపాచీ ఆపి, కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. పేజీ పోవాలి. పోకపోతే పైనుంచి మళ్లీ చదవండి.

80వ పోర్టు (అపాచీ మామూలుగా వాడే ద్వారం నంబరు) ఖాళీ లేదన్నవాళ్లు అపాచీ సెట్టింగుల ఫైల్లో "లిజన్ 80"ని 8080 చేసి, అపాచీని మళ్లీ స్టార్ట్ చేయండి. ఇకపై లోకల్‌హోస్ట్:8080/నాసైట్/ అని కొట్టాలి. దీనికి టెన్షన్ అక్కర్లేదు.

పేర్ల విషయంలో నాకు కాస్త చాదస్తం. ఫైళ్లకు, ఫోల్డర్లకు ఇంగ్లీషు చిన్న అక్షరాలే పెట్టండి, మధ్యలో ఖాళీలు వద్దు. విండోస్ పెద్దా చిన్నా తేడా పట్టించుకోదు, లినక్స్ సర్వర్లు పట్టించుకుంటాయి. రేపు సైటును బయట పెట్టినప్పుడు సగం ఫొటోలు మాయమయ్యేది ఇందుకే. ఇక నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర టీఎక్స్‌టీ తగులుకుంటుంది. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా విండోస్ సెట్టింగు మార్చుకోండి.

అభ్యాసం: మూడు పేజీలు చేసి ఒకదానికొకటి లింకు పెట్టండి. ఒక ఫొటో పేరు కావాలనే తప్పుగా రాయండి. జాంప్ ప్యానెల్‌లో లాగ్స్ నొక్కి యాక్సెస్ లాగ్ (సర్వర్‌ను ఏమేం అడిగారో రాసుకునే ఫైలు) తెరిచి, 404, అంటే "దొరకలేదు" అన్న కోడ్, ఉన్న వరుస పట్టుకోండి. ఆ ఫొటోను ఏ పేజీ అడిగిందో కూడా అదే వరుసలో ఉంటుంది. అది చూసి తప్పు సరిచేయండి, పేజీల్లోకి వెళ్లి వెతక్కూడదు. లాగ్‌లో మీ పేజీల వరుసలే లేకపోతే మీరింకా డబుల్ క్లిక్కే చేస్తున్నారు.