రెండు బిల్లులుంటే చాలు, ధరలు బయటికొస్తాయి

మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర రేట్ల బోర్డు ఉండదు. తిన్నాక ఆయన వేళ్ళ మీద లెక్కేసుకుని మొత్తం ఒకటే అంకె చెప్తాడు, మనం ఫోన్ తీసి స్కాన్ చేసి పంపేస్తాం. సోమవారం మూడు ప్లేట్ల ఇడ్లీ, రెండు టీలు తీసుకుంటే 140 అయింది. మంగళవారం రెండు ప్లేట్ల ఇడ్లీ, ఐదు టీలు, 130. ఇందులో ఇడ్లీ ఎంత, టీ ఎంత?

ఆయన్నే అడగొచ్చు కదా అంటారేమో. టిఫిన్ బండి దగ్గర అడగొచ్చు, కానీ క్యాటరింగ్ ఆయన్ని, సామాన్లు మోసే ఆటో ఆయన్ని, నెలాఖరున పాల లెక్క చెప్పేవాళ్ళని అడిగినా చాలాసార్లు మొత్తమే చెప్తారు గానీ విడగొట్టి చెప్పరు. అలాంటప్పుడు పనికొచ్చేది పదో తరగతిలో చదివి వదిలేసిన పాఠం, రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత. పేరు చూసి టెన్షన్ పడక్కర్లేదు. తెలియని ధరలు రెండుంటే, వాటి గురించి వేర్వేరుగా రెండు సంగతులు తెలియాలి. విషయమంతా ఇంతే.

ముందు రాసుకోవాలి. ఎక్స్, వై అని రాయాల్సిన పనేం లేదు, ఇడ్లీకి ఇ, టీకి ట అని పెట్టుకోండి. కానీ ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, మా ఇంట్లో పిల్లలకి చెప్పేటప్పుడు చూశాను. ఇ అంటే ఇడ్లీ అనుకుంటారు. ఇ అంటే ఒక ప్లేటు ఇడ్లీ ధర, రూపాయల్లో. 3ఇ అంటే మూడు ప్లేట్లకి అయిన డబ్బు. ఈ తేడా మనసులో లేకపోతే కాస్త పెద్ద లెక్క రాగానే దేన్ని దేంతో గుణించాలో తెలియక ఆగిపోతారు. అందుకే పేజీ పైన "ఇ = ఒక ప్లేటు ఇడ్లీ ధర, ట = ఒక టీ ధర" అని పూర్తిగా రాసుకున్నాకే కిందికి దిగండి.

3ఇ + 2ట = 140
2ఇ + 5ట = 130

ఇప్పుడు రెండు లైన్లలోనూ ఇడ్లీలు సమానం చేయాలి. సోమవారం తిన్నదే రెండుసార్లు తిన్నామనుకుంటే ఆరు ప్లేట్లు, నాలుగు టీలు, 280. మంగళవారం తిన్నది మూడుసార్లు అనుకుంటే ఆరు ప్లేట్లు, పదిహేను టీలు, 390. రెండింట్లోనూ ఇడ్లీలు ఆరే, కాబట్టి 110 రూపాయల తేడా పూర్తిగా ఆ ఎక్కువ తాగిన పదకొండు టీలదే. టీ పది రూపాయలు. సోమవారం లెక్కలోంచి రెండు టీల ఇరవై తీసేస్తే మూడు ప్లేట్లకి 120, ప్లేటు నలభై. చివర్లో మంగళవారం బిల్లులో పెట్టి చూసుకోండి, 80కి 50 కలిపితే 130, సరిపోయింది. ఈ సరిచూసుకోవడం మాత్రం మానొద్దు, అర నిమిషం కూడా పట్టదు.

ఇలాంటి లెక్క మన దగ్గర కొత్తదేం కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఒక బజారు లెక్క ఇచ్చాడు: తొమ్మిది మాదీఫలాలు (నిమ్మజాతి పెద్ద పళ్ళు), ఏడు వెలగపళ్ళు కలిపి 107, ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపళ్ళు కలిపి 101, ఒక్కో పండు ధర ఎంత? ఆ పుస్తకాన్ని తర్వాత తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఈ లెక్కలో అంకెలు అటూ ఇటూ మారాయి చూడండి, అలా ఉన్నప్పుడు గుణకారాలు కూడా అక్కర్లేదు. రెండూ కలిపితే పదహారు మాదీఫలాలు, పదహారు వెలగపళ్ళు 208, అంటే ఒకటీ ఒకటీ కలిపిన జత 13. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే రెండు మాదీఫలాలు రెండు వెలగపళ్ళకంటే 6 ఎక్కువ, అంటే ఒకటికి 3 ఎక్కువ. మాదీఫలం 8, వెలగపండు 5. నాకు ఈ లెక్కంటే చాలా ఇష్టం, నోటితోనే చేసేయొచ్చు.

ఇక అసలు డబ్బు మిగిలే చోటుకొద్దాం. గృహప్రవేశానికో, అన్నప్రాసనకో క్యాటరింగ్ మాట్లాడతారు. ఆయన 200 మందికైతే 58 వేలు, 300 మందికైతే 82 వేలు అన్నాడు. మనవాళ్ళు వెంటనే భాగహారం చేస్తారు: మొదటిది ప్లేటు 290, రెండోది 273, ఎక్కువమందికి చెప్తే తగ్గిస్తున్నాడన్నమాట, ఇంకో యాభై మందిని పిలుద్దాం అని. ఆగండి. ఆయన చెప్పిన మొత్తంలో రెండు ముక్కలుంటాయి. వంట మాస్టర్ కూలి, గిన్నెలు తెచ్చి తీసుకెళ్ళే బండి కిరాయి లాంటివి ఎంతమంది వచ్చినా అయ్యే ఖర్చు. బియ్యం, కూరగాయలు, స్వీటు, విస్తరాకు లాంటివి మనిషికింత అని పెరిగే ఖర్చు. ఎంతమంది వచ్చినా అయ్యేదాన్ని స్థి అని, ప్లేటుకి అయ్యేదాన్ని ప్లే అని రాసుకోండి.

స్థి + 200ప్లే = 58,000
స్థి + 300ప్లే = 82,000

స్థి రెండు లైన్లలోనూ ఒకటే కాబట్టి తీసివేస్తే పోతుంది. వందమంది పెరిగితే 24 వేలు పెరిగింది, అంటే ప్లేటు 240. రెండు వందల మందికి 48 వేలు పోగా మిగిలిన 10 వేలు స్థిరమైన ఖర్చు. కాబట్టి ఆయన ప్లేటు మీద పైసా తగ్గించలేదు, ఆ పది వేలే ఎక్కువమందికి పంచేసరికి తక్కువగా కనిపించింది. మీకు వచ్చేది 240 మంది అనుకుంటే 10,000కి 57,600 కలిపి 67,600 అవ్వాలి. ఆ అంకె ముందే చేతిలో ఉంటే, ఆయన 290 లెక్కన 69,600 అన్నప్పుడు "అన్నా, మీరు చెప్పిన రెండు రేట్ల ప్రకారం 67,600 రావాలి కదా" అని మర్యాదగానే అడగొచ్చు. నేను అడిగి చూశాను. ఆయన నా కాగితం తీసుకుని చూసి, గొడవేం లేకుండా ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఇంకో చిన్న పని చేయండి, మూడో రేటు కూడా అడగండి. 400 మందికి ఎంత అంటే మన లెక్క ప్రకారం 1,06,000 రావాలి. ఆయన లక్షే అన్నాడంటే 300 దాటాక నిజంగానే తగ్గిస్తున్నాడు, అప్పుడు మన లెక్క అక్కడికి పనికిరాదు. రెండు అంకెలతో సమీకరణం రాయొచ్చు, అది నిజమో కాదో చెప్పేది మూడోదే.

ఈలోపు వేరే క్యాటరింగ్ ఆయన వచ్చి, నాకు ఏ స్థిర ఖర్చూ వద్దు, ప్లేటుకి 270 అన్నాడనుకోండి. ఎవరు చవక? ఇద్దరి లెక్కలూ ఎక్కడ సమానమవుతాయో చూడాలి. రెండో ఆయన ప్లేటుకి 30 ఎక్కువ తీసుకుంటున్నాడు, మొదటి ఆయన ముందే 10 వేలు ఎక్కువ తీసుకుంటున్నాడు. పది వేలని ముప్పైతో భాగిస్తే 333 చిల్లర. మీ లిస్టు 333 లోపు ఉంటే రెండో ఆయన, దాటితే మొదటి ఆయన. 240 మందికి రెండో ఆయన దగ్గర 64,800 అవుతుంది, అంటే 2,800 తక్కువ. రుచి సంగతి మాత్రం సమీకరణం చెప్పదు, అది తిన్నవాళ్ళని అడగండి.

ఇప్పుడు లెక్క మొరాయించే చోట్లు. కిరాణా కొట్లో రెండు కిలోల కందిపప్పు, కిలో పంచదార 365 అయింది. ఇంకోసారి నాలుగు కిలోల పప్పు, రెండు కిలోల పంచదార 730. రెండు బిల్లులున్నాయి కదా, విడగొట్టొచ్చు అనుకుంటే కుదరదు, రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు, కొత్త సంగతేం చెప్పట్లేదు. అదే రెండోసారి 750 వచ్చిందనుకోండి, ఇంకో చిక్కు. రెట్టింపు సరుకుకి రెట్టింపు డబ్బు కంటే 20 ఎక్కువ, ఏ ధరలు పెట్టినా రెండు లైన్లూ ఒకేసారి నిజం కావు. అంటే మధ్యలో పప్పు కిలోకి ఐదు పెరిగిందో, పంచదార పది పెరిగిందో, కూడికలో తప్పు పడిందో. వీటిలో ఏది అన్నది సమీకరణం చెప్పలేదు, కానీ అడగాల్సిన సంగతి ఉందని చెప్పింది.

వీటికంటే ప్రమాదమైనది, ఎవరూ పట్టించుకోనిది, చిల్లర సర్దుబాటు. దీన్ని కాస్త నెమ్మదిగా చూడండి. టమాటా కిలో 30, ఉల్లిపాయలు 40. ఒకరోజు ఐదు కిలోల టమాటా, నాలుగు కిలోల ఉల్లి తీసుకుంటే 310, ఇంకోరోజు నాలుగు, మూడు కిలోలకి 240. మొదటిరోజు కూరగాయల ఆవిడ చిల్లర లేదని 305 తీసుకుంది. ఐదు రూపాయలే కదా అని ఆ 305 పెట్టి లెక్క చేస్తే టమాటా 45, ఉల్లి 20 వస్తుంది. మీరే చేసి చూడండి, సరిచూసినా రెండు బిల్లులూ సరిపోతాయి, కానీ ధరలు పూర్తిగా తప్పు. కారణం, రెండు కొనుగోళ్ళలోనూ టమాటా, ఉల్లి దాదాపు ఒకే పాళ్ళలో ఉన్నాయి, అలాంటప్పుడు చిన్న తప్పు కూడా పెద్దదై కూర్చుంటుంది. అందుకే ఒక బిల్లులో ఒక వస్తువు బాగా ఎక్కువ, ఇంకో బిల్లులో రెండోది బాగా ఎక్కువ ఉండేలా చూసుకోండి. టిఫిన్ బండి లెక్కలో మనకి అదే కలిసొచ్చింది.

జీఎస్టీ వేసే హోటల్ బిల్లయితే భయపడక్కర్లేదు, అన్నిటిమీదా ఒకే శాతం పడితే వచ్చే ధరలు పన్నుతో కలిపిన ధరలు, అంతే. కరెంటు బిల్లుకి మాత్రం ఇది వాడొద్దు, అక్కడ యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి రేటు మారుతుంది. రెండు కొంటే ఒకటి ఉచితం లాంటి ఆఫర్లకీ అంతే.

చివరిగా ఇంకో రకం. ఇందులో ధర తెలుసు, ఎన్నిసార్లు అన్నదే తెలియదు. మా ఇంటికి రోజూ లీటరు పాలు, చుట్టాలొచ్చిన రోజు లీటరున్నర. లీటరు 60. మే నెలకి 2,100 అన్నాడు పాలాయన, అంటే 35 లీటర్లు. రోజులు 31. మామూలు రోజులు మా, ఎక్కువ పోయించుకున్న రోజులు ఎ అనుకుంటే, మా + ఎ = 31, మా + 1.5ఎ = 35. ఇది చేయడానికి ఇంకా సులువైన దారుంది: అన్ని రోజులూ లీటరే అనుకోండి, 31 లీటర్లు అవ్వాలి, నాలుగు ఎక్కువొచ్చాయి, ఎక్కువైన ప్రతి రోజూ అర లీటరే కాబట్టి ఎనిమిది రోజులు.

గోడ క్యాలెండర్ చూస్తే మే నెలలో "అర" అని పెన్సిల్‌తో రాసినవి ఆరే ఉన్నాయి. రెండు అర లీటర్లు, 60 రూపాయలు తేడా. పాలాయన్ని ఏమీ అనకముందు అమ్మని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, అత్తయ్య వాళ్ళు వచ్చిన రెండు రోజులూ చెప్పింది, ఆ రెండు రోజులూ పెన్సిల్ కనపడక రాయలేదట. 2,100 ఇచ్చేశాం. ఇప్పుడు ఆ క్యాలెండర్ మేకుకే దారం కట్టి పెన్సిల్ వేలాడదీశాం.