గండికోట లోయ అంచున నడిచే ముందు

ఎండాకాలమైతే ఈ ఆలోచనే మానుకోండి. కడప ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, బండలు పెనంలా కాలుతుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. జమ్మలమడుగు నుంచి కోటకు 15 కిలోమీటర్లే కాబట్టి చీకటితోనే బయల్దేరండి.

• మనిషికి 2 లీటర్ల నీళ్లు. అక్కడే కొనుక్కుందాంలే అనుకోవద్దు.

• చెప్పులు కాదు, పట్టున్న బూట్లు.

• అసలు భయం అంచు దగ్గరే. చాలాచోట్ల కంచె లేదు, పెన్న ఎక్కడో అడుగున కనిపిస్తుంది. పలకలు పేర్చినట్టుండే ఎర్రబండలు గట్టిగానే అనిపిస్తాయి కానీ, కొన్ని కాలు పెట్టగానే కిర్రుమంటాయి. ముందు ఒక కాలితో నొక్కి చూసి, ఆ తర్వాతే బరువు వేయండి. వాన పడిన రోజు అటు వెళ్లనే వద్దు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయడమంటే నాకు ఇప్పటికీ టెన్షనే. పోయినసారి నా చేతిలోని బాటిల్ జారింది, పడ్డ చప్పుడు కూడా వినపడలేదు.

• పిల్లలుంటే ఆ బండల వైపు తీసుకెళ్లకండి. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చాలు, వాళ్లకు అదే పెద్ద నడక.

• కోతులుంటాయి. తినేవి చేతిలో పట్టుకుని నడవద్దు, సంచి జిప్పు వేసే ఉంచండి.

• ఈతకని నదిలో దిగొద్దు. దిగువన మైలవరం డ్యాం ఉంది, నీళ్లు నిలిచి లోతు అంచనాకు అందదు.

• సూర్యాస్తమయం చూస్తామంటే టార్చి తప్పనిసరి.