వానలు పడేలోపే రోమన్ కంచు నాణేలను ఒకసారి చూసుకోండి

దినారం అనే రోమన్ వెండి నాణెం వానాకాలంలో నల్లబడితే పెద్ద నష్టమేమీ లేదు. కంచు నాణెం సంగతి వేరు. జూన్‌లో బాగున్నది దసరాకి తీసి చూస్తే చక్రవర్తి చెంప మీద గుంటలు పడి ఉండొచ్చు. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లకు తేమకు తోడు ఉప్పు గాలి కూడా. అందుకే ఈ పనులన్నీ మే నెలలోనే, ఎండలుండగానే పూర్తి చేసుకోవాలి.

అసలు శత్రువు బయటి నుంచి రాదు, నాణెంలోనే ఉంటుంది. వందల ఏళ్లు మట్టిలో ఉన్నప్పుడు నేలలోని క్లోరైడ్ లోపలికి దిగి, రాగితో కలిసి, పాటినా (నాణెం మీద ఏళ్ల తరబడి ఏర్పడే గట్టి పొర) కింద పేరుకుపోతుంది. పొడిగా ఉన్నంతకాలం దాని జోలికి మనం పోనక్కర్లేదు, అదీ మన జోలికి రాదు. తేమ, గాలి తగిలితే మాత్రం అక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మళ్లీ రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడ్ తయారవుతుంది. దీన్నే బ్రాంజ్ డిసీజ్ అంటారు.

పగటి వెలుతురులో, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఒక్కో నాణేన్నీ చూడండి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలం నాటి ‘గ్లోరియా ఎక్సెర్సిటస్’ చిన్న నాణెం మీ దగ్గర ఉండే ఉంటుంది: ఇద్దరు సైనికులు, మధ్యలో సైనిక ధ్వజం. ఈటెలకూ కాళ్లకూ మధ్య ఉండే సందులు, అక్షరాల మూలలు, అంచు పగుళ్లు ముందు చూడాలి. లేత ఆకుపచ్చ చుక్క కనిపిస్తే టూత్‌పిక్‌తో మెల్లగా గీకండి. గట్టిగా, నున్నగా ఉండి కదలకపోతే అది పాటినా, వదిలేయండి. పిండిలా రాలి కింద చిన్న గుంట బయటపడితే మాత్రం జబ్బు మొదలైనట్టే. దాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి.

ఆ పొడిని భూతద్దం కింద పూర్తిగా గీకేసి, నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఆర్వో క్యాన్ నీళ్లు కూడా పనికిరావు. నీళ్లు మారుస్తూ వారాల తరబడి ఉంచాలి, తొందరపడితే ఫలితం ఉండదు. తర్వాత మెత్తని గుడ్డతో అద్ది, టేబుల్ లైటు వేడికి బాగా ఆరనివ్వండి. పైన ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. మ్యూజియంల వాళ్లు వాడే బెంజోట్రయాజోల్ అనే రసాయనం మంచిదే గానీ అది విషపదార్థం, వంటింటి బల్ల మీద చేసే పని కాదు.

ఇంట్లో పెద్దవాళ్ల సలహా ఒకటి ఉంటుంది: ‘చింతపండు, ఉప్పు వేసి తోమితే తళతళలాడుతుంది కదా!’ ఇంతకంటే ప్రమాదం లేదు. పులుపు పాటినాను ఊడగొడుతుంది, ఉప్పేమో కావలసినంత క్లోరైడ్ ఎక్కిస్తుంది. డయోక్లీషియన్ చక్రవర్తి క్రీ.శ. 294 ప్రాంతంలో తెచ్చిన ఫోలిస్ అనే కంచు నాణెం మీద పలచటి వెండి పూత ఉండేది. మన అదృష్టం కొద్దీ ఇంకా మిగిలి ఉంటే ఒక్క తోముడుతో పోతుంది. పండగ ముందు ఇత్తడి సామాను తోమే రోజున నాణేల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకోండి. నవ్వులాటకు చెప్పడం లేదు.

ఇక దాచే పద్ధతి. మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లు ఈ సీజన్‌కు ముందే పారేయండి. వాటి నుంచి వచ్చే జిగురు నాణేన్ని ఆకుపచ్చగా చేస్తుంది. మైలార్ లేదా పాలిప్రొపిలీన్ కవర్లు వాడండి. కవర్లను గాలి చొరబడని డబ్బాలో పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ వేయండి. తేమ 40 శాతం దాటకూడదు, 35 లోపు ఉంటే ఇంకా నిశ్చింత. రంగు మారిన జెల్‌ను ఓవెన్‌లో వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. ఏసీ గదిలో చల్లబడిన డబ్బాను వరండాలోకి తెచ్చి వెంటనే తెరవకండి, నాణేల మీద నీటి బిందువులు కమ్ముతాయి. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. చెమటలోనూ ఉప్పే కదా.

2010లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో, ఫ్రోమ్ దగ్గర పొలంలో ఒకే కుండలో 52,503 రోమన్ నాణేలు దొరికాయి. వాటిని బ్రిటిష్ మ్యూజియానికి తెచ్చాక ముందు కడిగి ఆరబెట్టారు. ఏ చక్రవర్తివో తేల్చడం ఆ తర్వాతి పని.

వానలకు మన పొలాల్లోనూ నాణేలు బయటపడుతుంటాయి. ‘నల్లగొండలో దొరికిన రోమన్ కంచు నాణెం’ అని ఎవరైనా అమ్మజూపితే ఆగండి. తెలుగు నేల మీద దొరికినవి ఎక్కువగా బంగారు, వెండి నాణేలే. చిన్న కంచు నాణేలు తమిళనాడు, శ్రీలంకల్లో ఎక్కువ. నిజంగా నేలలో దొరికిందైతే 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే. విదేశాల్లో సేకరించేవాళ్లు సెలవులకు వస్తూ ఇంట్లోవాళ్లకు చూపిద్దామని వెంట తేకపోవడమే మేలు. 1972 పురావస్తు చట్టం కింద వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో ఆ టెన్షన్ ఎందుకు? ఫొటోలు చాలు.

గీకేటప్పుడు మాస్కు పెట్టుకోండి. 4వ శతాబ్దపు కంచులో సీసం బాగా కలిసి ఉంటుంది. పని అయ్యాక బల్ల తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నానికి కూర్చోండి.