రేకుల గోడ డిజైన్ – 3వ పాఠం: మూలలో స్క్రూ మీద పడే లాగుడు

గిర్టుల (రేకును బిగించే అడ్డ ఉక్కు కమ్మీల) మధ్య దూరం గత పాఠంలో తేల్చాం: 1.5 మీటర్లు. ఇప్పుడు వాటికి రేకును పట్టి ఉంచే స్క్రూల సంగతి. గోడకు ఏ రంగు వేయాలని కొందరు అడుగుతున్నారు, అది ఇంకా అడగొద్దు; ఊడిపోయే గోడకు ఏ రంగు వేస్తే ఏం?

విశాఖ తీరంలో పొడవుగా, ఎత్తు తక్కువగా ఉన్న సబ్‌స్టేషన్ కంట్రోల్ భవనం తీసుకుందాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విరుచుకుపడిన ఊరు కదా. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం (2015) ప్రకారం అక్కడ ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు కట్టే పరిశ్రమలకు దాన్ని 1.15తో, తుఫాను తర్వాత కూడా పనిచేసి తీరాల్సిన కట్టడాలకు 1.30తో గుణించాలి. సబ్‌స్టేషన్‌ను రెండో కోవలో వేద్దాం. ఎత్తు, నేల తీరు లాంటి మిగతా గుణకాలన్నీ ఈ పాఠం వరకు 1 అనుకోండి.

వేగం = 50 × 1.30 = 65
ఒత్తిడి = 0.6 × 65 × 65 = చదరపు మీటరుకు 2535 న్యూటన్లు

వేగం పెరిగింది 30 శాతమే, ఒత్తిడి మాత్రం 69 శాతం.

గాలి గోడను లోపలికి నెడుతుందనే అందరూ భయపడతారు. నెట్టినా వెనక గిర్టు ఆపుతుంది. అసలు చిక్కు మూలల దగ్గర. మలుపు తిరిగిన గాలి గోడను వదిలేసి, రేకును బయటికి లాగుతుంది. ఇలాంటి భవనానికి అక్కడ ఒత్తిడి గుణకం మైనస్ 1.0 (మైనస్ అంటే బయటికి లాగుడు). లోపలి గాలి తోపు మరో 0.2. రెండూ బయటికే కాబట్టి మొత్తం 1.2.

స్క్రూలు 0.3 మీటర్లకొకటి ఉంటే, ఒక్కోదాని వాటా 0.3 × 1.5 (గిర్టుల దూరం) = 0.45 చదరపు మీటర్లు. 2535 × 1.2 × 0.45 = 1369 న్యూటన్లు, అంటే 140 కిలోల బరువు.

ఇక రోలింగ్ షట్టర్ ఊడి గాలి లోపలికి జొరబడితే 0.2 కాస్తా 0.7 అవుతుంది. అదే స్క్రూ మీద దాదాపు 200 కిలోలు! అందుకే షట్టర్‌ను కూడా గోడతో కలిపే డిజైన్ చేయాలంటాను. చాలాచోట్ల దాన్ని చివర్లో ఎవరో సప్లయర్‌కు వదిలేస్తారు.

చాలాసార్లు స్క్రూ విరగదు. దాని తల చుట్టూ పల్చటి రేకే చిరుగుతుంది. కాబట్టి మూలల్లో పెద్ద వాషర్, దగ్గర దగ్గరగా స్క్రూలు. ఎంత మేర? భవనం వెడల్పులో నాలుగో వంతు.

అభ్యాసం: ఇదే గోడను హైదరాబాద్‌లో కడితే? వేగం 44, తుఫాను గుణకం లేదు, షట్టర్ మూసే ఉంది. స్క్రూకు 64 కిలోల దగ్గర రావాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టని స్క్రూల ఎంపిక 4వ పాఠంలో.