అక్రాలో చిన్న వానలకు ముందు పాటల పెట్టెలు పైకెత్తండి

ఘనా రాజధాని అక్రాలో ఏడాదికి రెండు వానాకాలాలు. ఏప్రిల్ నుంచి జులై దాకా పెద్ద వానలు, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా చిన్నవి. జూన్ అంటే అందరికీ భయమే కాబట్టి సర్దుకుంటారు. చిన్నవే కదా అని రెండోవాటిని పట్టించుకోరు. హైలైఫ్ అనే అక్కడి జనాదరణ సంగీతంపై ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జాన్ కాలిన్స్ 1990లో మొదలుపెట్టిన బొకూర్ ఆర్కైవ్‌ను (పాత రికార్డులు, టేపులు, ఫొటోల సేకరణను) వరద దెబ్బతీసింది 2011 అక్టోబరు 26న. అలాంటి సేకరణ ఉన్నవాళ్లు ఆగస్టులోనే పని మొదలుపెట్టాలి.

ముందు నేల మీదున్న అట్టపెట్టెలు తీసేయండి, కింది అర ఖాళీ చేయండి. రీలు టేపులు, ఫొటోలు, చేతిరాత నోట్సు పై అరల్లోకి. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులు మాత్రం బరువు, పైన పెడితే అరే కూలుతుంది. నడుమెత్తులో నిలువుగా పేర్చండి.

రికార్డు కాసేపు తడిసినా కడిగితే బాగుపడుతుంది. దాని మీది కాగితం లేబుల్ ఊడిందా, పాడిందెవరో, ఏ కంపెనీదో, నంబరెంతో పోయినట్టే. రేడియో టేపులది మరీ అన్యాయం. అన్నీ ఒకేలాంటి గోధుమరంగు చుట్టలు, లోపలేముందో చెప్పేది డబ్బాలోని చీటీ ఒక్కటే. 1935లో స్టేషన్ జడ్‌ఓవైగా మొదలైన ఘనా రేడియో చరిత్ర రాసేవాళ్లకు పనికొచ్చేవి ఈ చీటీలే. అందుకే లేబుళ్లు, చీటీలు రెండువైపులా ఫొటో తీయండి. నంబర్లు పెన్సిల్‌తో వేయండి, సిరా కారిపోతుంది. కాపీ ఉన్న హార్డ్‌డిస్కు అదే ఇంట్లో ఉంటే లాభం లేదు, దూరంగా కుమాసీ నగరంలో తెలిసినవాళ్లకివ్వండి.

అయినా తడిస్తే? మొదట కాగితాలు, ఫొటోలు చూడండి, రెండు రోజుల్లో బూజు పడుతుంది. అతుక్కున్న ఫొటోలను లాగకుండా చల్లటి శుభ్రమైన నీళ్లలో ఉంచండి. టేపు మీద బురద ఎండనివ్వకుండా చల్లటి నీళ్లతో, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడన ఆరబెట్టండి. ఎండలో వద్దు, హెయిర్ డ్రయర్ వద్దు, ఫ్రీజర్ అసలే వద్దు. తడి టేపును ప్లేయర్‌కెక్కించకండి. లక్క రికార్డును స్పిరిట్‌తో తుడవకండి, కరిగిపోతుంది. వడ్రంగులు పాలిష్ కలిపేది అలాగే మరి.

వెనిగర్ వాసన వస్తూ చెడిపోతున్న పాత టేపులను ఇప్పుడే విడిగా పెట్టి, వాటినే ముందు కాపీ చేయించండి. నీళ్లు గడప దాటితే కరెంటు మెయిన్ ఆపాకే గదిలో కాలుపెట్టండి.