కుర్సురా 31 ఏళ్ల సర్వీసును రెండు చార్టుల మీద గీయడం

తిరుపతి, చిత్తూరు వైపు బడుల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెడితే ప్లాస్టిక్ బాటిల్, సిరంజి, నీళ్ల బకెట్‌తో చేసిన సబ్‌మెరైన్ ఒకటైనా కనిపిస్తుంది. అది మునుగుతుంది, తేలుతుంది, అంతే. దాని వెనక గోడకు నిజం సబ్‌మెరైన్ సర్వీసు చార్టు ఒకటి తగిలిస్తే చూసేవాళ్లు ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు. మనకు అందుబాటులో ఉన్నది మన నేవీ పాత సబ్‌మెరైన్, ఇప్పుడు మ్యూజియంగా విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా. రాత్రి రైలెక్కితే మర్నాడు లోపలికి వెళ్లి చూసి రావచ్చు. మ్యూజియానికి సోమవారం సెలవు. మిగతా రోజుల వేళలు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసుకునే ముందే కనుక్కోండి.

మొదట కాగితం సంగతి. ఫుల్ సైజు చార్టులు రెండు పొడుగ్గా అతికిస్తే 130 సెంటీమీటర్లకు తగ్గదు. మైదా జిగురు వాడొద్దు, ఆరాక అతుకు అలలు తేలి గీత వంకరపోతుంది. గ్లూ స్టిక్ చాలు. పై సగంలో బోటు బొమ్మ, కింది సగంలో కాలరేఖ. కుర్సురా పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5. వందో వంతు స్కేలులో బొమ్మ 91.3 సెంటీమీటర్లు వస్తుంది. ఏడాదికి 3 సెంటీమీటర్ల లెక్కన గీస్తే కాలరేఖ కూడా 93 దాటి ఆగుతుంది. రెండూ దాదాపు ఒకే పొడవు కాబట్టి చార్టు చూడ్డానికి బాగుంటుంది. 91 మీటర్లంటే ఎంతో పిల్లలకు తెలియాలంటే, తిరుపతి స్టేషన్‌లో ఆగిన రైలుకు నాలుగు ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) బోగీలు చూపించి, దానికి నాలుగైదు మీటర్లు తక్కువని చెప్పండి.

కాలరేఖలో నెలకు పావు సెంటీమీటరు. సున్నా దగ్గర 1969 డిసెంబరు 18 వేయండి. అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో కుర్సురా మన నేవీలో చేరిన రోజది. 6 సెంటీమీటర్ల దగ్గర 1971 డిసెంబరు, అంటే పాకిస్తాన్‌తో యుద్ధం. చివర 93.5 దగ్గర 2001 ఫిబ్రవరి, డీకమిషన్, అంటే సర్వీసు నుంచి తప్పించడం. మ్యూజియంగా మారింది 2002 ఆగస్టులో. దాన్ని రేఖ మీద కాకుండా రేఖ దాటాక విడిగా రాయాలి. మ్యూజియం రోజులు సర్వీసులోకి రావు.

ఎక్కువమంది తప్పు చేసేది మధ్యలోనే. మొదటి తేదీ, చివరి తేదీ రాసి ‘31 ఏళ్లు దేశానికి కాపలా’ అని ఎర్ర స్కెచ్‌తో రాసేస్తారు. కానీ 1975లో ఈ బోటును పక్కన పెట్టారు. రీఫిట్ (మొత్తం విప్పి చేసే పెద్ద మరమ్మతు) టైము దగ్గరపడింది, తోటి సబ్‌మెరైన్లకు స్పేర్లు కావాలి. దీని భాగాలు విప్పి వాటికి వేశారు. 1980 సెప్టెంబరు నుంచి 1982 ఏప్రిల్ దాకా సోవియట్ యూనియన్‌లో రీఫిట్ చేయించుకుని మళ్లీ పనిలోకి దిగింది. చార్టు మీద ఇది 15వ సెంటీమీటరు దగ్గర మొదలై 37 దగ్గర ముగుస్తుంది. 15 నుంచి 32 దాకా బూడిద రంగు, 32 నుంచి 37 దాకా పసుపు వేయండి. 1975లో ఏ నెలో తేలకపోతే ఆ మూడు సెంటీమీటర్లలో రంగును పెన్సిల్‌తో పలచగా వదిలేయండి, తోచిన తేదీ మాత్రం పెట్టొద్దు. చార్టు మొత్తంలో చూడాల్సింది ఈ బూడిద పట్టీయే. పనిచేయని ఏళ్లు రాయని సర్వీసు చరిత్ర సన్మాన పత్రంలా ఉంటుంది.

దీనివల్ల లెక్కలూ మారతాయి. కుర్సురా మొత్తం తిరిగింది 73,500 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి 1,36,122 కిలోమీటర్లు. మామూలు మైలు అనుకుని 1.6తో గుణిస్తే 18 వేల కిలోమీటర్లకు పైగా తగ్గిపోతుంది. 31తో భాగిస్తే ఏడాదికి 2,370 నాటికల్ మైళ్లు. మూలన ఉన్న ఏడేళ్లు తీసేస్తే 3 వేలు దాటుతుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఈ రకం సబ్‌మెరైన్ల సోవియట్ పేరు ప్రాజెక్ట్ 641, నాటో వాళ్ల పేరు ఫాక్స్‌ట్రాట్, మన నేవీలో కల్వరి క్లాస్. తెలుగులో కల్వరి అని వెతికితే ముందు కల్వరి కొండ మీద పాటలు వస్తాయి, కాబట్టి ఐఎన్ఎస్ చేర్చి వెతకండి. ఇక్కడ కల్వరి అంటే లోతు సముద్రపు సొరచేప. పాత కల్వరి 1967 డిసెంబరు 8న చేరింది, అందుకే ఆ రోజు సబ్‌మెరైన్ డే. 2017లో చేరిన కల్వరి వేరే బోటు, ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన స్కార్పీన్ రకం సబ్‌మెరైన్. ఖండేరి, కరంజ్ పేర్లతోనూ ఇలాగే పాత బోటొకటి, కొత్త బోటొకటి ఉన్నాయి. పాత, కొత్త బోట్ల ఫొటోలు కలిపేయడం తరచూ జరిగేదే. నంబర్లు చూసి వరస కట్టినా బోల్తా పడతారు: కల్వరి ఎస్ 23, ఖండేరి ఎస్ 22, కరంజ్ ఎస్ 21, కుర్సురా ఎస్ 20. ముందొచ్చినదానికి పెద్ద నంబరు.

ఇంకో తప్పు, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని కుర్సురా ముంచిందని రాయడం. రెండూ విశాఖ పేరుతో వినబడతాయి కాబట్టి కలిపేస్తారు. ఘాజీ విశాఖ దగ్గర 1971 డిసెంబరు 3-4 రాత్రి మునిగింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లంటారు, మైన్ (నీళ్లలో పెట్టే మందుపాతర) పేలి మునిగిందని పాకిస్తాన్ అంటుంది. ఆ యుద్ధంలో కుర్సురా గస్తీ అరేబియా సముద్రం వైపు. అది ఏ ఓడనూ ముంచలేదు. గస్తీ కూడా సర్వీసే, అలాగే రాయండి.

పైన బొమ్మలో ఏడు గదులు గీయాలి. ముందు నుంచి వెనక్కి: ముందు టార్పెడో గది (నీళ్లలో దూసుకెళ్లే టార్పెడోలను వదిలే 6 గొట్టాలు), బ్యాటరీల పైన ఆఫీసర్ల గది, కంట్రోల్ రూం, మళ్లీ బ్యాటరీల పైన నావికుల గది, డీజిల్ ఇంజన్లు, మోటార్లు, వెనక టార్పెడో గది (4 గొట్టాలు). ప్రొపెల్లర్లు మూడు. పక్కనుంచి గీస్తే ఒకటే కనిపిస్తుంది కాబట్టి వెనక వైపు చిన్న బొమ్మ విడిగా వేయండి. 75 మంది దీన్లోనే తిని, పడుకుని, డ్యూటీ చేసేవాళ్లు. ఈ బోటు దిగగలిగిన 250 మీటర్ల లోతులో చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి. తలకోన జలపాతాన్ని ఒకదాని మీద ఒకటి మూడుసార్లు నిలబెడితే ఆ లోతు.

మీ ఊళ్లో రిటైరైన సబ్‌మెరైన్ నావికుడు ఉంటే చార్టు తీసుకుని వెళ్లండి. చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగినా దారి చెబుతారు. ‘ఏ సంవత్సరం సార్?’ అంటే ఎవరికీ గుర్తుండదు. ‘మీ పెద్దమ్మాయి పుట్టినప్పుడు బోటు ఏ రేవులో ఉండింది సార్?’ అనండి, నెలతో సహా వస్తుంది. ఏ బోటో కూడా అడగాలి, ఒకే మనిషి మూడు నాలుగు సబ్‌మెరైన్లలో పనిచేసి ఉంటాడు. గస్తీ ఎక్కడ తిరిగిందని గుచ్చి అడగొద్దు, చెప్పకూడనివి ఆయనకు చాలానే ఉంటాయి. భోజనం, నీళ్లు, నిద్ర, డీజిల్ వాసన గురించి అడిగితే గంటైనా చెబుతారు. ఆయన చెప్పింది పెన్సిల్‌తో, కాగితాల్లో దొరికింది ఇంకుతో రాయండి. కింద పేరు వేయాలో వద్దో ఆయన్నే అడగండి.