ఇల్లు మారాక ముందు విప్పాల్సిన సంచి

విజయనగరంలో ఇల్లు మారేవాళ్లకు ఒక మాట. పాలు పొంగించడానికి స్టవ్వు, గిన్నె ఎలాగూ ముందే పట్టుకెళ్తాం కదా! ఆ గిన్నె సంచిలోనే లైటర్, కత్తెర, దోమల కాయిల్, దుప్పట్లు, తువ్వాళ్లు, ఫోన్ ఛార్జర్, రోజూ వేసుకునే మాత్రలు పడేయండి. అది లారీ ఎక్కకూడదు, మీ చేతిలోనే ఉండాలి. ఆ రాత్రికి మిగతా అట్టపెట్టెల జోలికే వెళ్లక్కర్లేదు.

పెట్టె మీద 'వంటిల్లు' అని రాస్తే చాలదు. 'పోపులడబ్బా, కుక్కర్, చాకు' అని రాయండి, అదీ పక్కవైపు. పైన రాస్తే ఒకదాని మీద ఒకటి పేర్చాక కనబడి చావదు. వానాకాలమైతే పెట్టెల కింద పీటలో, చెక్కలో వేయండి. చెమ్మకి అట్ట నాని అడుగు ఊడొస్తుంది.

అన్నట్టు, దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవం, అదే పైడితల్లి అమ్మవారి జాతర. ఆ రోజు కోట వైపు సామాన్ల బండి మాట్లాడుకోకండి, జనంలో అంగుళం కదలదు.